బరంపురంలో కూర్చుని ఏ దేశపు పన్ను చదవాలి?

మొన్న రాయగడ నుంచి ఒక కుర్రాడు మా ఆఫీసుకి వచ్చాడు. ఆఫీసంటే ఒడిశాలోని బరంపురం బడా బజార్‌లో మేడమీద ఒక గది, రెండు బల్లలు, ఒక ప్రింటరు. బీకాం అయి రెండేళ్ళయిందట. ఒక ఆడిటర్ దగ్గర నెలకి పాతిక, ముప్ఫై జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాడు. ట్యాలీ మీద చెయ్యి బాగా తిరిగింది, జీతం మాత్రం పన్నెండు వేల దగ్గరే ఆగిపోయింది. "అమెరికా ట్యాక్స్ నేర్చుకుంటే బాగా ఇస్తారంటన్నారు మాస్టారూ, ఏ కోర్సులో చేరమంటారు?" అని ఫోన్ తీసి నాలుగు ప్రకటనలు చూపించాడు. ఒకటి అమెరికా పన్నుల ఈఏ, ఒకటి అక్కడి సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్ అనే సీపీఏ, ఒకటి దుబాయ్ వ్యాట్ (మన జీఎస్టీ లాంటి అమ్మకపు పన్ను) డిప్లొమా, ఒకటి బ్రిటన్ వాళ్ళ ఏసీసీఏ. నాలుగింటిలోనూ కోటు తొడుక్కున్న మనిషే, వెనకాల అద్దాల మేడలే.

ఈ ప్రశ్న నెలకొకసారైనా నా దగ్గరికి వస్తుంది. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగిళ్ళ పిల్లలు కామర్స్ చదివాక ఇక్కడే ఉంటే పద్దులు రాసే పనే. బాగుపడాలంటే విశాఖో, భువనేశ్వరో, హైదరాబాదో రైలెక్కాలి. లేదంటే ఇంట్లోనే కూర్చుని బయటి దేశం పని పట్టాలి. నేను పగలు పట్టుచీరల కొట్లకీ అప్పడాల వాళ్ళకీ లెక్కలు చూస్తాను. సాయంత్రం పూట పదేళ్ళుగా అమెరికా రిటర్నులు చేస్తున్నాను. అందుకని నన్ను అడుగుతారు.

నేను తిరిగి అడిగేది ఒక్కటే. కోర్సు సంగతి తరవాత, ఏ దేశం కాగితాలు నీ బల్ల మీదికి వచ్చే వీలుంది? షార్జాలో మేనమామ కొట్టుందా? హైదరాబాద్‌లో అమెరికా ఆడిట్ కంపెనీలో తెలిసినవాళ్ళున్నారా? ఊళ్ళో ఎన్నారై ఇళ్ళెన్ని? పరదేశం పన్ను చట్టం ఈత లాంటిది, నీళ్ళలోకి దిగకపోతే ఎన్ని పుస్తకాలు చదివినా ఏడాదిలో మరుపుకొస్తుంది. ఏ కాగితాలూ రాని దేశం చట్టం చదివి సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్నవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు. ముగ్గురూ ఇప్పటికీ జీఎస్టీయే వేస్తున్నారు.

ఈఏ: తక్కువ ఖర్చు, ఇరుకైన దారి, గట్టి పని

ఎన్‌రోల్డ్ ఏజెంట్ అంటే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ముందు పన్ను చెల్లింపుదారు తరఫున నిలబడే హక్కున్న మనిషి. ఈ వృత్తి పుట్టుక 1884 నాటిది. అక్కడి అంతర్యుద్ధంలో గుర్రాలూ ఆస్తులూ పోగొట్టుకున్నవాళ్ళ తరఫున పరిహారం అడిగే ఏజెంట్లు దొంగలెక్కలు చూపిస్తుంటే వాళ్ళకి ముకుతాడు వెయ్యడానికి చట్టం చేశారు. గుర్రాల లెక్కలతో మొదలైన పని ఇప్పుడు బరంపురం దాకా వచ్చింది.

మన పిల్లలకి ఇందులో పెద్ద సౌకర్యం, డిగ్రీ షరతు లేకపోవడం. బీకాం మూడేళ్ళా నాలుగేళ్ళా అని ఎవరూ అడగరు. మూడు పేపర్లు ఉంటాయి: వ్యక్తుల పన్ను, వ్యాపారాల పన్ను, ప్రాతినిధ్యం. ఒక్కోదానికి 100 ప్రశ్నలు, మూడున్నర గంటలు. మార్కులు 40 నుంచి 130 దాకా ఒక వింత కొలమానంలో ఇస్తారు, 105 వస్తే గట్టెక్కినట్టు. మొదటి పేపరు దాటాక మిగతావి పూర్తి చెయ్యడానికి మూడేళ్ళ గడువు ఉంటుంది. పరీక్ష రుసుము పేపరుకి 250 డాలర్ల పైనే. అన్నీ కలిపినా సీపీఏ ఖర్చులో చిన్న వాటా.

పరీక్షకి ముందే పీటిన్ అని, రిటర్నులు తయారుచేసేవాళ్ళకి ఐఆర్‌ఎస్ ఇచ్చే నంబరు తీసుకోవాలి. దానికి రుసుము ఇరవై డాలర్ల లోపే. అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు లేని మనలాంటివాళ్ళం దరఖాస్తుతోపాటు ఫారం 8946 కూడా నింపి పాస్‌పోర్టు పత్రం జతచెయ్యాలి. పాస్‌పోర్టు ఎప్పుడో తియ్యొచ్చులే అని ఊరుకుంటే అక్కడే రెండు నెలలు పోతాయి.

మే నుంచి ఫిబ్రవరి దాకా జరిగే పరీక్షలో అడిగేది అంతకుముందు డిసెంబరు 31 నాటికి ఉన్న చట్టం. అంటే పరీక్షలో పాత ఏడాది, ఉద్యోగంలో కొత్త ఏడాది. నేను ఇక్కడే దెబ్బతిన్నాను. ఒక కోచింగ్ సంస్థకి డబ్బు కట్టాను, పేరు అనవసరం. వాళ్ళిచ్చిన పుస్తకంలో మనిషికి 4,050 డాలర్ల వ్యక్తిగత మినహాయింపు అని ఉంది. అది 2017 అంకె, 2018 నుంచి ఆ మినహాయింపే లేదు. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ దాకా అదే పుస్తకం వల్లెవేస్తూ వెళ్ళాను. ఆ పేపరు పోయింది. రుసుము, రైలు, లాడ్జి అన్నీ మళ్ళీ. వాళ్ళకి ఫోన్ చేస్తే "మెటీరియల్ అప్‌డేట్ అవుతోంది సార్" అన్నారు. అందుకే కోచింగ్‌కి డబ్బు కట్టేముందు పుస్తకం ఏ పన్ను సంవత్సరానిదో అడగమంటాను. చెప్పడానికి తడబడితే అక్కడే లేచి వచ్చెయ్యండి. వ్యక్తుల పన్ను మీద ఐఆర్‌ఎస్ వాళ్ళ పుస్తకం పబ్లికేషన్ 17 ఊరికే దొరుకుతుంది, ఏటా కొత్తది వేస్తారు. ఇంగ్లీషు కాస్త కొరుకుడు పడనివాళ్ళకి కూడా నెల రోజుల్లో దారికొస్తుంది, ఎందుకంటే అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి.

ఈఏ పని ఎలా ఉంటుందో ఒక రిటర్ను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. టెక్సస్‌లో గ్రీన్ కార్డుతో ఉన్న ఇంజినీరు, సొంతూరు పర్లాకిమిడి అనుకోండి. జీతం, దానికి కంపెనీ ఇచ్చే పత్రం డబ్ల్యూ-2, అదంతా పది నిమిషాల పని. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా లేదు. తలనొప్పంతా పర్లాకిమిడి నుంచి వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాడికి అమెరికా ప్రపంచంలో ఎక్కడి ఆదాయం మీదైనా పన్ను వేస్తుంది కాబట్టి అమ్మానాన్నలకి కట్టించిన ఇంట్లో మేడమీద వాటా అద్దె కూడా అక్కడి ఆదాయపు పన్ను రిటర్ను, ఫారం 1040, ఎక్కాలి.

నెలకి 15,000 అద్దె, ఏడాదికి 1,80,000. మన లెక్కలో మున్సిపల్ పన్ను తీసేశాక 30 శాతం గంపగుత్తగా కొట్టేస్తాం. మున్సిపల్ పన్ను పక్కన పెడితే 54,000 పోయి 1,26,000 మిగులుతుంది. రసీదు ఎవరూ అడగరు. అమెరికాలో ఆ గంపగుత్త లేదు, అసలు ఖర్చులు రసీదులతో చూపించాలి. అరుగుదల మాత్రం, అంటే కట్టుబడి విలువని కొన్నేళ్ళకి పంచి ఏటా ఖర్చుగా, రాసుకోవచ్చు. 2017 తరవాత అద్దెకిచ్చిన విదేశీ ఇంటికి 30 ఏళ్ళు, అంతకుముందుదైతే 40 ఏళ్ళు. అద్దె వాటాకి కట్టుబడి విలువ, స్థలం విలువ తీసేసి, 30 లక్షలైతే ఏడాదికి లక్ష. అంటే రిపేర్లు కాక 80,000 మిగులుతుంది. ఒకే ఇల్లు, ఒకే అద్దె, రెండు వేర్వేరు ఆదాయాలు. పైగా ఇద్దరిదీ 30 అనే అంకె! మన 30 శాతం, వాళ్ళ 30 ఏళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు ఈ రెంటినీ కలిపేసి 30 శాతం అరుగుదల రాసుకొస్తుంటారు.

తరవాత బ్యాంకు వడ్డీ. మన బ్యాంకు ఇచ్చే సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉంటుంది. అమెరికాకి జనవరి నుంచి డిసెంబరు కావాలి. కాబట్టి రెండేళ్ళ స్టేట్‌మెంట్లు తెప్పించి, మొదటిదాంట్లో చివరి మూడు నెలలు, రెండోదాంట్లో మొదటి తొమ్మిది నెలలు కత్తిరించి అతికించాలి. టీడీఎస్ కూడా అలాగే. అమ్మ పింఛను ఖాతాలో రెండో పేరు అబ్బాయిది ఉంటే, ఆమె డబ్బంతా అతని ఎఫ్‌బార్ (విదేశీ బ్యాంకు ఖాతాల నివేదిక) లెక్కలోకి వస్తుంది. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఆ నివేదిక వెయ్యాలి. ఇక్కడి మ్యూచువల్ ఫండ్ ఉంటే విదేశీ ఫండ్ల లెక్క చెప్పే ఫారం 8621. దాని గురించి ఇక్కడ మొదలుపెడితే తెల్లారిపోతుంది.

ఈ కాగితాలు చదవడంలో మనకో సౌలభ్యం ఉంది. హ్యూస్టన్‌లో ఉన్న సీపీఏకి మన పట్టాదారు పుస్తకం, ఒడియాలో రాసిన మున్సిపల్ రసీదు, తెలుగులో రాసిన అద్దె కాగితం అర్థం కావు. మనకి మూడూ వచ్చు. సరిహద్దులో పెరగడం ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది.

ఒక జాగ్రత్త. అమెరికా మనిషి పన్ను సమాచారం అక్కడ రిటర్ను తయారుచేసేవాడు (ప్రిపేరర్) దేశం దాటించాలంటే ఖాతాదారు రాతపూర్వక అనుమతి ఉండాలి. సెక్షన్ 7216 అంటారు, మీరితే నేరం కింద లెక్క. వాట్సాప్‌లో సోషల్ సెక్యూరిటీ కార్డు ఫోటోలు పంపించుకునే అలవాటు మానాలి. ఇంటి నుంచి చేసే పనికి పేరు పోవడానికి అదొక్కటి చాలు.

సీపీఏ ఎవరికి?

ఎంకాం చేసినవాళ్ళకి, సీఏ ఇంటర్ దాకా వెళ్ళి ఆగినవాళ్ళకి, లేదా అమెరికా వెళ్ళి స్థిరపడే ఉద్దేశం ఉన్నవాళ్ళకి. మిగతావాళ్ళు ఆలోచించుకోవాలి. మూడేళ్ళ బీకాంని మామూలుగా 90 క్రెడిట్ల కింద, అంటే వాళ్ళు చదువుని కొలిచే పాయింట్ల కింద, కడతారు. లైసెన్సుకి ఎన్నాళ్ళుగానో చూస్తున్నది 150. ఆ తేడా పూడ్చుకోవడానికి డబ్బూ కాలమూ కావాలి. 2024 జనవరి నుంచి పరీక్ష తీరు మార్చారు. ఆడిట్, ఆర్థిక నివేదికలు, పన్ను నియంత్రణ అనే మూడు తప్పనిసరి పేపర్లు, పైన ఎంచుకునే ఒకటి. ఒక్కోటి నాలుగు గంటలు, 75 వస్తే పాసు. పరీక్ష ఇండియాలోనే రాయొచ్చు. కోచింగు, క్రెడిట్ల మూల్యాంకనం, విదేశీ అభ్యర్థుల అదనపు రుసుము కలిపి ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. లైసెన్సు ఇచ్చేది ఒక్కో రాష్ట్రం. ఈఏ మాత్రం దేశమంతా చెల్లుతుంది.

ఆడిట్ సంతకం చెయ్యాలంటే ఈఏ పనికిరాదు, సీపీఏ కావాలి. పెద్ద కంపెనీలో పై మెట్లెక్కాలన్నా సీపీఏకే గౌరవం. కానీ ఇక్కడ కూర్చుని పన్ను రిటర్నులు చేసుకునేవాడికి అది ఇల్లు కట్టడానికి ముందు గృహప్రవేశం భోజనాలు పెట్టినట్టు.

గల్ఫ్: చదువు చిన్నది, పని దగ్గరిది

నాలుగు ప్రకటనల్లో తక్కువ మెరుపున్నది ఇదే, మన వైపు వాళ్ళకి ఎక్కువ పనికొచ్చేదీ ఇదేనని నా అభిప్రాయం. గంజాం నుంచి శ్రీకాకుళం దాకా గల్ఫ్‌లో మనిషి లేని వీధి తక్కువ. అంటే కాగితాలు వచ్చే దారి ముందే ఉంది.

యూఏఈలో 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్. 2023 జూన్ 1న గానీ ఆ తరవాత గానీ మొదలైన ఆర్థిక సంవత్సరాలకి 9 శాతం కార్పొరేట్ పన్ను. వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. సౌదీలో వ్యాట్ 5తో మొదలై 2020 జూలై నుంచి 15 అయింది, అక్కడ ఇస్లాం ప్రకారం సంపద మీద కట్టే జకాత్ కూడా తెలియాలి. బహ్రెయిన్‌లో 10, ఒమన్‌లో 5. జీఎస్టీ వేసిన చేతికి ఇదంతా చుట్టరికం ఉన్న చట్టమే. ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ళ మీద కట్టిన పన్ను తగ్గించుకోవడం), రివర్స్ చార్జ్ (కొన్నవాడే పన్ను కట్టడం), వినోదం ఖర్చు మీద క్రెడిట్ ఇవ్వకపోవడం, అన్నీ తెలిసిన మొహాలే. ట్యాలీ కూడా అక్కడ నడుస్తుంది. అదే అమెరికా పనైతే క్విక్‌బుక్స్‌తో మొదలుపెట్టి కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి.

చుట్టరికం ఉందని ధీమా పడితే మాత్రం జారిపడతాం. యూఏఈలో 3,75,000 దిర్హాములు అనే అంకె రెండు చోట్ల వస్తుంది. వ్యాట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యేది 3,75,000 దాటిన అమ్మకాల మీద. కార్పొరేట్ పన్ను 9 శాతం పడేది 3,75,000 దాటిన లాభం మీద. ఒకటి అమ్మకం, ఒకటి లాభం. ఇంటర్వ్యూలో అడిగితే సగం మంది ఇక్కడే తడబడతారు. పైగా ఏడాదికి 30 లక్షల దిర్హాముల లోపు రాబడి ఉన్న చిన్న వ్యాపారాలకి 2026 డిసెంబరు 31 లోపు ముగిసే కాలాల వరకు కార్పొరేట్ పన్నులో ఊరట ఉంది. కోరుకుంటేనే వస్తుంది, దానంతటది రాదు.

ట్యాక్స్ ఏజెంట్‌గా అక్కడి శాఖ దగ్గర నమోదు కావాలంటే తగిన డిగ్రీతోపాటు మూడేళ్ళ అనుభవం కావాలి, కొత్తవాడికి అది కుదరదు. కంపెనీలో అకౌంటెంటుగా చేరి ఆ మూడేళ్ళు గడపడమే దారి. డిప్లొమాకి వేలకి వేలు పోసేముందు వాళ్ళ పన్నుల శాఖ ఉచితంగా పెట్టిన గైడ్లు చదవండి. దానికన్నా అర్జెంటు పని డిగ్రీ అటెస్టేషన్, అంటే డిగ్రీ నిజమైనదేనని ముద్ర వేయించుకోవడం. ముందు రాష్ట్రం, తరవాత విదేశాంగ శాఖ, తరవాత ఎంబసీ. వీసా వచ్చాక చూసుకుందాం అంటే ఆఫర్ చల్లారిపోతుంది.

పంచాంగం, గడియారం

ఎవరూ చూడని విషయం ఇది, నేను మాత్రం మొదట ఇదే చూస్తాను. ఇప్పటికే ఇక్కడ సొంత ఖాతాదారులున్నవాళ్ళు ఏ దేశపు సీజను మన సీజనుతో ఢీకొంటుందో లెక్కేసుకోవాలి. అమెరికా భాగస్వామ్య సంస్థల గడువు మార్చి 15, వ్యక్తులకి ఏప్రిల్ 15. మధ్యలో మన మార్చి 31. ఏప్రిల్ 1న మాకు ఉత్కళ దివస్, 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి బరంపురాన్ని విడదీసి ఒడిశాలో కలిపిన రోజు. ఊరంతా సెలవు. పద్దులు రాసేవాడికి కొత్త ఆవర్జా తెరిచే రోజు. అమెరికా పని ఉన్నవాడికి ఇంకా పద్నాలుగు రోజుల జాగారం. బ్రిటన్ వాళ్ళ ఏడాది ఏప్రిల్ 6న మొదలవుతుంది, వ్యక్తుల ఆన్‌లైన్ గడువు జనవరి 31. మన పంచాంగానికి అదే కాస్త సర్దుకుంటుంది. ఆస్ట్రేలియా ఏడాది జూన్ 30న ముగుస్తుంది, వాళ్ళ హడావిడి మొదలయ్యేసరికి మన జూలై రిటర్నులు నెత్తిమీద ఉంటాయి.

గడియారం సంగతి వేరు. అమెరికా కంపెనీ పనంటే మధ్యాహ్నం మొదలై రాత్రి పదకొండు దాటుతుంది. ఆస్ట్రేలియా అంటే తెల్లవారుజామున అయిదున్నరకే లేచి కూర్చోవాలి, మధ్యాహ్నానికి ఖాళీ. చంటిపిల్లలున్న ఆడపిల్లలు ఇద్దరు ఈ ఒక్క కారణంతో ఆస్ట్రేలియా పని ఎంచుకున్నారు, వాళ్ళది సరైన లెక్కే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, అక్కడి పనికి నిద్ర చెడదు.

తేదీలు రాసే పద్ధతి కూడా వేరే. మొదట్లో ఒకాయన షేర్లు కొన్న తేదీ 03/04/2018 అని ఉంటే ఏప్రిల్ 3 అనుకున్నాను. వాళ్ళ లెక్కలో అది మార్చి 4. అమ్మింది 2019 మార్చి 20న. నిజానికి ఏడాది దాటింది, నా లెక్కలో దాటలేదు. దీర్ఘకాలిక లాభం కాస్తా స్వల్పకాలికమై పన్ను పెరిగిపోయింది. ఆయన ఓపికున్న మనిషి కాబట్టి రిటర్ను పంపకముందే పట్టుకున్నాడు. అప్పట్నించి నేను నెల పేరు అక్షరాల్లోనే రాస్తాను.

బ్రిటన్ గురించి రెండు ముక్కలు. ఏసీసీఏ 13 పేపర్లు, బీకాం వాళ్ళకి కొన్ని మినహాయింపులు వస్తాయి. అది లెక్కల వృత్తికి మొత్తం చదువు, పన్ను అందులో ఒక భాగం. పన్నే కావాలనుకున్నవాడికి అంత పెద్ద గుడి చుట్టూ ప్రదక్షిణ అక్కర్లేదు. సీఏ పూర్తి చేసి, విదేశాలకి డబ్బు పంపే పత్రాలూ రెండు దేశాల పన్ను ఒప్పందాలూ చూసేవాళ్ళకి ఏడిట్ బాగుంటుంది. లండన్‌లోని చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్యాక్సేషన్ ఇచ్చే డిప్లొమా, మూడు మాడ్యూళ్ళు, జూన్‌లోనూ డిసెంబరులోనూ పరీక్షలు. సీఏలకి మన ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ అంతర్జాతీయ పన్నుల డిప్లొమా కూడా ఉంది, ముందు అది చూడండి.

"పరదేశం చట్టం నా వల్ల అవుతుందా?" అని భయపడేవాళ్ళకి ఒక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి మన 1961 చట్టమే పోయి 2025 చట్టం వచ్చింది. మనం కంఠస్థం చేసిన సెక్షన్ నంబర్లన్నీ మారిపోయాయి. ఎలాగూ సొంత చట్టాన్నే మొదట్నించి చదువుకోవాల్సి వచ్చింది. కొత్త చట్టం చదివే అలవాటు ఇప్పుడు అందరికీ ఒకేసారి వస్తోంది.

ఇంతకీ రాయగడ కుర్రాడు. మేనమామకి షార్జాలో బిల్డింగ్ సామాన్ల కొట్టుందని మాటల్లో తేలింది. ఈఏ అని వచ్చినవాడికి గల్ఫ్ వ్యాట్ చెప్పేసరికి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ముందు మీ మావయ్యని అడిగి మూడు నెలల బిల్లులు తెప్పించు, అక్కడి ఫారంలో ఒక రిటర్ను నువ్వే కట్టి తీసుకురా, ఈఏ సంగతి తరవాత చూద్దాం" అన్నాను. పదిహేను రోజుల్లో పట్టుకొచ్చాడు. లెక్క దిర్హాముతో సహా సరిపోయింది. కానీ ఆ ఫారంలో అమ్మకాలు ఏడు ఎమిరేట్లకి ఏడు గళ్ళుంటాయి. జీఎస్టీ అలవాటు కొద్దీ కొన్నవాడు ఎక్కడివాడో చూసి దుబాయ్‌కి కొంత, అజ్మాన్‌కి కొంత, షార్జాకి కొంత పంచేశాడు. అక్కడ మామూలు కొట్టుకి చూసేది అమ్మినవాడి చోటు, ఆ మావయ్యకి ఉన్నది షార్జాలో ఒక్క కొట్టే.

"అయితే మొత్తం ఒక్క గడిలోనేటి మాస్టారూ?" అని పెన్సిలు గీతలు చెరుపుకుంటూ కూర్చున్నాడు.